అవ్వ పుట్టినరోజుకు ఎర్ర వైన్

మా అమ్మను మేం అవ్వ అంటాం. అవ్వ జనవరి ఒకటిన పుట్టిందని ఆధార్ కార్డు అంటుంది. అవ్వ ఒప్పుకోదు. "నేను బతుకమ్మకు ముందు పుట్టిన. పెద్దవాగు పొంగి జొన్నలు కొట్టుకపోయిన ఏడు. జనవరి అంటె మాకేం ఎరుక?" అంటుంది. కార్డు రాసినవాడికి అంత వినే ఓపిక ఎక్కడిది! మా బాపు గనిపని చేసిన బొగ్గుబాయి కాలనీలో మా వరుస క్వార్టర్ల ఆడవాళ్లలో సగం మందిని ఒకే రోజున పుట్టించేశాడు మహానుభావుడు. నా కూతురికి మాత్రం ఆ తేదీ తెగ నచ్చింది. "ఆ రోజు ఊరంతా కేకులు కోస్తరు కదమ్మా, మనం అమ్మమ్మ పేరు రాయించి కోద్దాం" అని పట్టుబట్టింది. అది ఇంజనీరింగ్ చదువుతోంది. చదువు సంగతేమో గానీ, పండగ చేద్దామంటే మాత్రం అందరికన్నా ముందుంటుంది.

నాకు కేకు మీద ధ్యాసే లేదు. పుట్టినరోజు పేరు చెప్పి అవ్వ నోట్లో ఒక మాంసం ముక్క పడాలి, ఒక గుక్క ఏదో ఒకటి గొంతు దిగాలి. నాకు కావలసింది అంతే. బాపు పోయి అప్పటికి ఏడాదిన్నర అవుతోంది. ఆ ఏడాదిన్నరగా అవ్వ పప్పూ చారూ తప్ప ఏదీ ముట్టలేదు.

ఇక్కడ మా పద్ధతి ఒకటి చెప్పాలి. ఇంటాయన పోయిన పదకొండో రోజున, మా వాళ్లలో ఆ ఇల్లాలి పుట్టింటివాళ్లు వచ్చి ఆమెకు చీర పెడతారు. చేతికి కల్లు గ్లాసు అందిస్తారు, నోట్లో మాంసం ముక్క పెడతారు. ఏడ్చింది చాలు, ఇక మామూలు తిండిలోకి రా అని చెప్పడమన్నమాట. అన్నో తమ్ముడో తన చేత్తో చేయాలి ఆ పని. మా అవ్వకున్నది ఒక్కడే తమ్ముడు, భైంసా దగ్గర పత్తి పండించే మా మామ. ఆయన అంతకు ముందు ఏడాదే పండరిపురం నడిచి వెళ్లి తులసిమాల వేసుకుని వచ్చాడు. మహారాష్ట్ర అంచున ఉన్న ఆ ఊళ్లలో అది మామూలే. మాల మెడలో పడిందంటే మాంసం బంద్, మందు బంద్.

ఆ పదకొండో రోజు క్వార్టర్ ముందు టెంటు కింద అందరూ కూర్చున్నారు. మామ చీర పెట్టాడు. అక్క కాళ్లు మొక్కాడు. తీరా కల్లు లొట్టి దగ్గరికి వచ్చేసరికి చేతులు కట్టుకుని నిలబడిపోయాడు. "అక్కా, నా మెడల మాలున్నది. నన్ను బలవంతపెట్టకున్రి" అన్నాడు, కళ్లనిండా నీళ్లతో. బాపు తరఫు పెద్దమనిషి ఒకాయన లేచి "ఎవలు పోస్తె ఏంది, నేను పోస్త తియ్యి" అని గ్లాసు నింపి అవ్వ చేతిలో పెట్టాడు. అవ్వ ఆ గ్లాసు వంక కాసేపు చూసింది. చూసి, పక్కన పెట్టేసింది. ముక్క కూడా ముట్టలేదు. "తమ్ముని చెయ్యి లేంది ముట్టది. పట్టింపు మనిషి" అని ఆడవాళ్లు గుసగుసలాడుకున్నారు. నేనూ అదే అనుకున్నాను.

తర్వాత అవ్వను కరీంనగర్‌లో మా ఇంటికి తెచ్చుకున్నాను. బాపు పింఛను పనులు, క్వార్టర్ ఖాళీ చేసి అప్పగించడం, సామాన్లు సర్దడం, పంచడం అన్నీ నా నెత్తినే పడ్డాయి. నేను పాఠాలు చెప్పే బడిలో నాకున్న సెలవులన్నీ అయిపోయాయి. ఏడుస్తూ కూర్చుంటే ఎవరు చేస్తారు ఇవన్నీ? చకచకా చేసుకుంటూ పోయాను. అవ్వ ఒక్కటే నా చేతికి లొంగలేదు. గుడ్డు ఉడికించి పెడితే "ఊకో బిడ్డా, తినబుద్ధైతలేదు" అనేది. చేపల పులుసు పెడితే కంచం జరిపేది. చీర నడుము మీద నిలవడం మానేసింది. మేడ మెట్లు ఎక్కితే ఆయాసం. డాక్టరేమో రక్తం లేదు, మాంసం తినిపించండి అని నన్ను కసిరాడు. నేను పెట్టడం లేదనుకున్నాడో ఏమో! ఒళ్లు మండింది నాకు. అంతకంటే కష్టంగా ఉన్నది ఇంకొకటి. అవ్వ మాట తగ్గిపోయింది. వరుస వరుసంతా వినిపించే గొంతు ఆమెది. ఇప్పుడు పిలిస్తే పలుకుతుంది, అంతే. బాపు పేరు ఎత్తదు.

కల్లు తెప్పిద్దామా అంటే మామ దాన్ని ముట్టడు. పైగా టౌన్‌లో దొరికే కల్లులో ఏం మందు కలుపుతారో దేవుడికెరుక. అప్పుడు నా కూతురే అంది, "రెడ్ వైన్ పెడదాం అమ్మా, పుట్టినరోజుకు. స్టైలుగా ఉంటది" అని. ముందు దాన్ని తిట్టిపోశాను. మా ఇంట్లోకి సీసా రాకూడదన్నది నా నియమం. జీతాల రోజు సాయంత్రం మా కాలనీ ఎలా ఉండేదో చూసి పెరిగినదాన్ని, ఆ వాసన సోకితే ఇప్పటికీ నాకు వాంతి వస్తుంది. తిట్టి, గిన్నెలు కడుగుతూ ఆలోచిస్తే మాత్రం ఎందుకో ఆ మాట బుర్రలోంచి పోలేదు. మామ కల్లు ముట్టడు, సారా ముట్టడు, బ్రాందీ ముట్టడు. ద్రాక్షరసం సంగతి ఎవరూ ఆయన్ని అడగలేదు కదా!

ఫోన్ చేశాను.

"మామా, నువ్వు ద్రాక్షపండ్లు ముడుతవు గద?"

"ద్రాక్షకేంది బిడ్డా, మస్తు తింట."

"రసం?"

"అది గూడ తాగుత."

"జర పులిసిన రసం?"

 అవతల మామ మెల్లగా నవ్వాడు. "పులిసినంక మందే గద బిడ్డా. మామను ఎడ్డోన్ని చేస్తున్నవా?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఇక దాచేదేముంది, ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. అవ్వ చిక్కి సగమైంది, డాక్టరు ఇట్లన్నాడు, నీ చేతి కోసమే ఆగింది మామా, నువ్వు తాగొద్దు, పోసి అందియ్యి చాలు అని. ఆయన గొంతు మారిపోయింది. "నాకు ఎరుకలేదా బిడ్డా? ఆ దినం సంది నాకు అన్నం సయిస్తలేదు. ఇటు చూస్తె దేవుడు, అటు చూస్తె అక్క" అన్నాడు.  తర్వాత ఆయనే అడిగాడు. "ఆ ద్రాక్ష ఏడిది?"

"నాసిక్ దిక్కు తయారైతదట."

"నాసిక్‌దా? గోదారమ్మ పుట్టిన కాడిదా?" అన్నాడు. ఆ మాటతో ఆయన గొంతులో ఏదో కాస్త సడలింది. "మా మహారాజ్‌ను అడిగి చెప్త."

ఆయన మహారాజ్ అన్నది మాల వేసిన గురువును. మర్నాడు పొద్దున్నే ఫోన్ వచ్చింది. తాగడం తప్పు గానీ, దుఃఖంలో ఉన్న అక్కకు పోయడం తప్పు కాదని ఆయన అన్నాడట. "బరే, బరే, వస్త బిడ్డా" అన్నాడు మామ. ఆ వైపు వాళ్లకు సరే అనాలంటే ముందు ఆ మరాఠీ మాటే వస్తుంది. "గని ఒక్కటి. బ్రాంది వాసన రావద్దు. ఆ వాసనొస్తె నా చెయ్యి వణుకుతది. పండ్ల వాసనే రావాలె. నాసిక్‌దే తే. వేరే తెస్తె నేను ముట్ట."

అలా నా మీద పడింది వైన్ ఎంచే పని. ఎవరి మీద? జన్మలో చుక్క ముట్టని, జీవశాస్త్రం చెప్పుకునే పంతులమ్మ మీద! "నేను తెస్త, నువ్వు ఇంట్లుండు" అన్నాడు మా ఆయన. ఆయనకు ఆ దుకాణాలు కొత్త కాదు. బయట స్నేహితులతో ఎప్పుడైనా కూర్చుంటాడు, నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకూ తెలుసు. కానీ కూరగాయల మార్కెట్‌కు పంపితే ముదిరిన బెండకాయలు తెచ్చే మనిషిని నమ్మి ఇంత పెద్ద పని ఎలా అప్పగించను? నేనూ వస్తానన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "రా మరి. మీ బడి పిల్లలెవరన్న కనబడితె నాకు చెప్పకు" అన్నాడు.

ప్రతి సెంటర్‌లోనూ వైన్స్ అని బోర్డు ఉంటుంది. లోపల వైన్ తప్ప అన్నీ ఉంటాయని ఆ రోజే తెలిసింది. మొదటి దుకాణంలో ఇనుప జాలీ ముందు మగవాళ్లు ఒకరి మీద ఒకరు పడి చేతులు లోపలికి చాచి అరుస్తున్నారు. నేను చీర కొంగు భుజాల చుట్టూ బిగించుకుని ఓ పక్కన నిలబడ్డాను. ఇంతలో వెనక నుంచి "నమస్తే మేడం!" అని ఒక గొంతు. ఎప్పుడో పదో తరగతిలో నా దగ్గర చదివినవాడు, ఇప్పుడు పొట్ట వచ్చి మీసాలు పెంచి ఉన్నాడు. అలవాటు కొద్దీ నమస్తే పెట్టేశాడు గానీ, ఎక్కడ ఉన్నామో ఇద్దరికీ అప్పుడే గుర్తొచ్చింది. వాడు చేతిలోని సీసాను వీపు వెనక్కి దాచుకున్నాడు. దాచుకుని ఊరుకుంటే బాగుండేది! "ఏయ్, జరుగున్రి, మా మేడంకు దారియ్యిన్రి!" అని అరిచాడు. అందరూ తిరిగి నన్నే చూశారు. భూమిలోకి కుంగిపోయినంత పనైంది. మా ఆయన బండి దగ్గర అద్దంలో తల దువ్వుకుంటున్నాడు, నన్నెరగనట్టు.

దారి ఇచ్చాక వెళ్లకుండా ఎలా ఉంటాను? వెళ్లి "రెడ్ వైన్ ఉన్నదా?" అని అడిగాను. దుకాణం అతను అడుగు అరలోంచి ఒక సీసా తీసి బనీనుతో తుడిచాడు. "ఇది ఒక్కటే మేడం. తియ్యగుంటది. ఆడోళ్లు మంచిగ తాగుతరు. మస్తు పోతది" అన్నాడు. ఆ సీసా మీది దుమ్ము చూస్తే అది అక్కడ చేరాక ఎవరి చేయీ తగిలినట్టు లేదు. "నాసిక్‌దేనా?" అన్నాను. "నాసిక్‌దో నాగపూర్‌దో, ఎక్కుడు అంతనే మేడం" అన్నాడు. సరే పోనీ, తియ్యగా ఉంటుందంటున్నాడు, అవ్వకు పుల్లతీపి అంటే ఇష్టం, చూద్దామని తీసుకున్నాను.

రెండో దుకాణం బైపాస్ మీద ఉంది. చల్లగా, బట్టల షోరూమ్‌లా, లోపల తిరిగి మనమే చూసుకోవచ్చు. ఒక అరంతా వైన్ సీసాలే. అక్కడి కుర్రాడు మర్యాదగా "ఏం ఫంక్షన్ మేడం?" అన్నాడు. మా అవ్వ పుట్టినరోజు అన్నాను. "దేనితోటి సర్వ్ చేస్తరు? మటనా, చికెనా?" అన్నాడు. అతను మామూలుగానే అడిగాడు గానీ, నాకు ఎవరితోనైనా చెప్పుకోవాలని ఎంతగా ఉందో! మా మామ మాల సంగతి, పదకొండో రోజు సంగతి, డాక్టరు కసిరిన సంగతి అంతా చెప్పేశాను. అతను తల ఊపుతూ విన్నాడు. విని, "ఇది డ్రై మేడం, ఇది సెమీ స్వీట్, ఇది ఫుల్ బాడీ" అని సీసాలు చూపించడం మొదలుపెట్టాడు.

"ఆ బాడీల సంగతి నాకొద్దు తమ్మీ. మూత తీస్తె పండ్ల వాసన రావాలె, బ్రాంది వాసన రావద్దు. నాసిక్‌ది కావాలె. గంతే."

"అట్ల ఎవరూ అడగలే మేడం" అని బుర్ర గోక్కున్నాడు పాపం. సీసాలన్నీ మూసి ఉంటే వాసన ఎలా తెలుస్తుంది? కళ్లజోడు సర్దుకుని ఒక్కొక్క సీసా వెనక చీటీ చదువుకుంటూ పోయాను. నాసిక్ అని ఉన్నవి పక్కకు తీశాను. వాటిలో ఆల్కహాల్ తక్కువ ఉన్నదాన్ని ఒకదాన్ని ఏరాను. జవాబు పత్రాలు దిద్దిన చేతులు, అక్షరం వదల్లేదు. మా ఆయన విసుగొచ్చి బయట టీ తాగి వచ్చాడు, మళ్లీ వెళ్లి ఇంకో టీ తాగి వచ్చాడు.

అవ్వ మధ్యాహ్నం కునుకు తీసే వేళ, వంటింటి తలుపు దగ్గరికి వేసి పరీక్ష పెట్టాను. తియ్యటి సీసాకు తిప్పుడు మూత, సులువుగానే వచ్చింది. నాసిక్ సీసాకు బెండు బిరడా. దాన్ని తీసే సాధనం మాకెక్కడిది? మా ఆయన బిరడాలోకి ఒక స్క్రూ బిగించి, కటింగ్ ప్లేయర్‌తో పట్టి, సీసాను మోకాళ్ల మధ్య ఇరికించుకుని లాగాడు. బిరడా ఊడి, ఆయన వెనక బియ్యం డబ్బా మీద పడ్డాడు. నేను నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నాను. రెండు గాజు గ్లాసుల్లో పోసి ముక్కు పెట్టాను. తియ్యటిది అచ్చం జీతాల రోజు మా కాలనీ సందు. తల తిప్పుకున్నాను. నాసిక్‌ది వేరుగా ఉంది. పండిన నేరేడు పండ్ల బుట్ట మూత తీసినట్టు, కాస్త తడి చెక్క వాసన. మా ఆయన రెండూ రుచి చూశాడు.

"ఇది తియ్యగున్నది. అది వగరు. అత్తమ్మకు ఇదే మంచిగుంటది."

"తియ్యటిదైతె బ్రాంది వాసనొస్తున్నది. మామ ముట్టడు."

"తాగేది మీ మామనా, మీ అవ్వనా?"

"మామ పోస్తెనే గద అవ్వ తాగేది!"

"నువ్వు గూడ జర నాలిక మీద వేసుకో, తెలుస్తది."

"ఛీ! నా నోట్ల సుక్క పోనియ్య" అన్నాను. వగరుదే ఖాయం చేశాను. పరీక్షకు తెచ్చిన రెండు సీసాలూ తర్వాత ఏమయ్యాయో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. అదే నాసిక్‌ది ఇంకొకటి తెచ్చే పని మాత్రం ఆయన సంతోషంగా నెత్తిన వేసుకున్నాడు.

జనవరి ఒకటిన మామ పొద్దుటి బస్సుకే దిగాడు. తెల్ల ధోవతి, నుదుట గోపీచందనం, చంకలో అక్కకు చీర. ఆయన కోసం వేరే గిన్నెల్లో పప్పు, జొన్నరొట్టెలు చేశాను. మటన్ మా ఆయన మేడ మీద చిన్న పొయ్యి పెట్టి వండాడు, వాసన కిందికి రాకుండా. కేకు గుడ్డు లేనిది తెచ్చింది నా కూతురు. కొవ్వొత్తులు ఊదమంటే అవ్వ బిత్తరపోయింది. "దీపం ముట్టిచ్చుడు ఎరుక గని, ఆర్పుడేందే?" అంది. ఎట్లాగో ఆ తంతు ముగించి కేకు కోయించాం. అవ్వ ఒక తునక నోట్లో వేసుకుని, మంచిగుంది అని, మళ్లీ ఊరుకుంది.

కొత్త చీర కట్టించి హాల్లో చాప మీద కూర్చోబెట్టాం. మా ఆయన మర్యాదకు వరండాలోకి జరిగాడు. అల్లుడి ముందు అవ్వ గ్లాసు పట్టదు, ఆ మాటకొస్తే కాలు చాపుకుని కూర్చోను కూడా కూర్చోదు. మామ చేతులు కడుక్కుని వచ్చి, మాలను కళ్లకద్దుకుని, సీసా అందుకున్నాడు. బిరడా ముందే వదులు చేసి పెట్టాం. తీసి భయం భయంగా వాసన చూశాడు. మొహం విప్పారింది. "నేరేడు పండ్ల లెక్కనే ఉన్నది బిడ్డా" అన్నాడు. నాకు ఏనుగెక్కినంత సంబరమైంది. ముందు గడప బయట నేల మీద రెండు చుక్కలు వదిలి "బావా, గిది నీకు" అన్నాడు. తర్వాత స్టీలు గ్లాసులో పోసి, రెండు చేతులా పట్టి, అక్క చేతిలో పెట్టాడు. "తాగు అక్కా. నా చేతితోనే పోసిన. ఇగ దుఃఖం ఇడువు."

మేమంతా చుట్టూ నిలబడ్డాం. నా కూతురు ఫోన్ పట్టుకుని వీడియో తీస్తోంది. నేను మటన్ గిన్నె పట్టుకుని ఉన్నాను. అవ్వ గ్లాసు వంక చూసింది. కాసేపు అలాగే చూసింది. చూసి, పక్కన పెట్టేసింది.

 మామ మొహంలో నెత్తురు చుక్క లేదు. "అక్కా, ఇగ నేనేం చెయ్యాలె? మహారాజ్‌ను గూడ అడిగొచ్చిన. నా చెయ్యి కోసమే ఆగినవంటె…" అని నీళ్లు నమిలాడు.

"నీ చెయ్యి కోసం ఆగిన్నని నీకెవలు చెప్పిన్రు తమ్మీ?" అంది అవ్వ.

 అవ్వ నా కూతురి వైపు తిరిగి "ఆ ఫోను లోపల పెట్టు బిడ్డా" అంది. అది గబుక్కున జేబులో పెట్టుకుంది.

"ఆ దినాల నాడు గూడ గిట్లనే. గిలాస నా చేతిల పెట్టి అందరు చుట్టూర నిలబడి చూసిన్రు. నేనేమన్న సర్కసుల జంతువునా? తాగు తాగు అన్నోళ్లే గని, నా పక్కపొంటి కూసున్నోడు ఒక్కడు లేడు. మీ బావ ఉన్నప్పుడు ఆదివారం నన్ను ఒక్కదాన్నే తాగనిచ్చిండా ఎన్నడన్న? నేను రొట్టెలు చేసుడు అయ్యేదాక లొట్టి ముంగట పెట్టుకొని కూసుండేటోడు గని, సుక్క ముట్టకపోయేటోడు. వారం దినాల ముచ్చట దాసిపెట్టుకొని తెస్తుండె. బాయిల ఎవడు ఎవన్ని తిట్టిండు, ఏ సారు కాలు జారి బురదల పడ్డడు, అన్ని. నేను వాడకట్టు ముచ్చట చెప్తుంటి. లొట్టి ఖాళీ అయినంక గూడ ముచ్చట ఒడువకపోయేది. కల్లు కోసం కూసున్నమా మేము?"

ఏడాదిన్నరలో అవ్వ అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం నేను విన్లేదు. గొంతు వణకలేదు, కోపంగానే ఉంది.

"ఇగ నాతోని ఎవలు కూసుంటరు? తమ్ముడు మాలేసుకున్నడు, ఆయనది ఆయనకు మంచిదే. అల్లుని ముంగట నేను తాగ. నువ్వేమో…" అని నా వైపు చూసి ఆగిపోయింది. ఆ తర్వాత ఏమనబోయిందో నాకు తెలుసు. వరండాలోంచి మా ఆయన తల వంచి నన్నే చూస్తున్నాడు. 

మటన్ గిన్నె కింద పెట్టి వంటింట్లోకి వెళ్లాను. ఇంకో స్టీలు గ్లాసు తెచ్చాను. మామ ముందు చాచాను. ఆయన ఒక్క క్షణం నా మొహం చూసి, సగం దాకా పోశాడు. చాప మీద అవ్వ పక్కన మోకాళ్లు మడిచి కూర్చున్నాను. దేవుడా అనుకుని ఒక గుక్క మింగాను. అబ్బ, ఏం వగరు! పచ్చి జామకాయ కొరికినట్టు నాలుక అంతా పట్టేసింది, గొంతులో ఎక్కడో చిన్న మంట. మొహం ఎలా పెట్టానో ఏమో, అవ్వ ఫక్కున నవ్వింది. ఏడాదిన్నర తర్వాత ఆ నవ్వు.

"పడకపోతె తాగకు బిడ్డా. గిలాస పట్టుకొని కూసో, సాలు" అంది.

అని తన గ్లాసు ఎత్తి నిదానంగా రెండు గుక్కలు తాగింది. చప్పరించింది. "గీ వగరుది ఏం చూసి తెచ్చినవే? ఇంకా పెద్ద సదువులు సదివినవు! మీ బాపు అయితె ఊసి, తెచ్చినోన్ని గూడ తిట్టెటోడు" అంది. బాపు మాట ఆమె నోట వచ్చింది. మటన్ గిన్నె తనే దగ్గరికి లాక్కుని "తమ్మీ, నువ్వు అటు మొఖం పెట్టుకో. ముక్క నేనే తింట, నాకు చేతులున్నయి" అని ఒక ముక్క నమిలింది. మామ అటు తిరిగి కూర్చుని భుజం మీది తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి. నా కూతురు నెమ్మదిగా వెళ్లి ఆయనకు మంచినీళ్లు ఇచ్చింది.

అవ్వ చెప్తూ పోయింది. పెళ్లైన కొత్తలో ఇచ్చోడ సంతలో గాజులు కొనడానికి తనను వెంట తీసుకుపోవాలంటే సిగ్గుపడి, బాపు తన చేయి కొలత దారంతో తీసుకుపోయాడట. మొదటిసారి బాయిలో దిగి వచ్చిన రోజు మొహం కడుక్కోకుండా వచ్చి తనను జడిపించాడట. ఇవేవీ నాకు తెలియవు. నేను పుట్టినప్పుడు ఆడపిల్లా అని ఎవరో మూలిగితే, వాళ్ల కంచం లాక్కుని లేపేశాడట. అది కూడా నాకు తెలియదు. నేను ఊ కొడుతూ, గ్లాసు రెండు చేతుల మధ్య పట్టుకుని, మధ్య మధ్య పెదాలు తడుపుకుంటూ కూర్చున్నాను. గిన్నెలో ముక్కలు తగ్గుతున్నాయి. అది చూసి నాకు కడుపు నిండినట్టుంది.

గ్లాసు ఖాళీ చేసి అవ్వ నా వైపు తిరిగింది. "అన్ని నేనే చెప్పబడ్తి. ఇగ నువ్వు చెప్పు. మీ బాపు నీకు ఎట్ల యాదికున్నడు?" అంది.

చెప్దామని నోరు తెరిచాను. ఎన్ని లేవు చెప్పడానికి! కానీ మాట రాలేదు.  పింఛను కాగితాలప్పుడు రాని ఏడుపు, క్వార్టర్ తాళం అప్పగించినప్పుడు రాని ఏడుపు, చితి దగ్గర కూడా రాని ఏడుపు అంతా ఒక్కసారి వచ్చి మీద పడింది. కూతురి ముందు, మామ ముందు, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చాను.

అవ్వ నా చేతిలోంచి గ్లాసు తీసి కింద పెట్టింది. ఒలికిపోకుండా కొంచెం దూరంగా జరిపింది. నా తల తన భుజానికి ఆనించుకుని వీపు నిమిరింది.

"ఏడువు బిడ్డా, ఏడువు" అంది. "నీ పక్కన గూడ ఎవలు కూసోలే గద."